మామయ్య చెప్పే సైన్సు: కారు షెడ్డు కప్పు

పిల్లలూ! ఈ నెల మీకు ఒక కప్పు కథ చెబుతాను. కాఫీ తాగే కప్పు కాదు, నెత్తిన ఉండే కప్పు.

మా అక్కయ్యగారిది బాపట్ల. 2024 సంక్రాంతికి నేను అక్కడికి వెళ్ళాను. అంతకు నెల పైచిలుకు ముందు, 2023 డిసెంబరు 5వ తేదీన, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 90, 100 కిలోమీటర్ల వేగంతో వీచింది. అక్కయ్యగారి డాబాకు ఏమీ కాలేదు గాని, దొడ్లో ఉన్న కారు షెడ్డుకు మాత్రం దెబ్బ తగిలింది. ఆ షెడ్డును మా బావగారి తండ్రి 1968లో తన అంబాసిడర్ కారు కోసం వేయించాడు. పైన బూడిదరంగు సిమెంటు రేకులు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన గాలికి రెండు రేకులు లేచిపోతే, మళ్ళీ వేయించారట. ఈసారి కొబ్బరిమట్ట విరిగి మీద పడి మూడు రేకులు పగిలాయి. అసలు అంతకుముందు కూడా చాలా ఏళ్ళుగా, వాన పడితే చాలు, కారు మీద చుక్కలు పడుతూనే ఉండేవి.

నేను వెళ్ళింది భోగికి ముందురోజు. వాకిట్లో మా మేనకోడలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నది. బిళ్ళ బూడిదరంగులో ఉన్నది.

"ఇది ఎక్కడిదమ్మా?" అని అడిగాను.

"షెడ్డు రేకు ముక్క, మామయ్యా! పెంకు కంటె బాగా జారుతుంది," అన్నది.

ఇంతలో మా మేనల్లుడు ఒక గంపెడు ముక్కలు మోసుకొచ్చాడు. "రేపు తెల్లవారుజామున భోగిమంటలో వేస్తాం. టపాకాయల్లా పేలతాయి చూడు!" అన్నాడు.

నేను వాణ్ణి గంప అక్కడే దించమన్నాను. ముక్కలమీద చెంబుతో నీళ్ళు చల్లి, తడిగా ఉండగానే దళసరి ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి కట్టేశాను. ఆ పైన సంచికి మరో సంచి తొడిగాను. ముగ్గురమూ సబ్బుతో చేతులు కడుక్కున్నాం. నా హడావిడి చూసి పిల్లలు బిక్కమొహాలు వేశారు.

"భయపడకండి," అన్నాను. "రేకు ముక్కను ఒకసారి ముట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు. కాని ఆ ముక్కలో ఏమున్నదో తెలిస్తే, దానితో మీరు ఆడరు. రండి, చెబుతాను."

ముందు టపాకాయ సంగతి. సిమెంటు రేకు లోపల కంటికి కనపడని తేమ ఉంటుంది. మంటలో వేస్తే ఆ తేమ ఆవిరి అవుతుంది. నీరు ఆవిరి అయితే సుమారు పదహారువందల రెట్లు వ్యాపిస్తుంది. బయటికి పోవటానికి దారి లేక, రేకును బద్దలుకొట్టుకుని పోతుంది. ఆ చప్పుడే మా వాడి టపాకాయ! ముక్కలు ఎగిరి కంట్లో పడవచ్చు. అదొక ప్రమాదం. దానితోపాటు దుమ్ము లేస్తుంది. అసలు కథ ఆ దుమ్ములోనే ఉన్నది.

మామూలు సిమెంటును అంత పలచని పలకగా పోస్తే, చేత్తో ఎత్తేలోపలే విరుగుతుంది. అందుకని దానిలో ఒక నార కలుపుతారు. మన ఊళ్ళల్లో మట్టిగోడ పెట్టేవాళ్ళు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కటం చూశారు కదా? గడ్డి మట్టిని పట్టి ఉంచుతుంది, గోడ బీటలు వేయదు. ఇదీ అంతే. అయితే రేకులో కలిపే నార మొక్కనుంచి వచ్చేది కాదు, రాతినుంచి వచ్చేది! దాని పేరు రాతినార. ఇంగ్లీషువాళ్ళు ఆస్బెస్టాస్ అంటారు. ఆర్పశక్యం కానిది అని ఆ గ్రీకు మాటకు అర్థం.

రాయి నార కావటమేమిటని మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఏడువందల ఏళ్ళ కిందట మార్కో పోలో అనే వెనిస్ యాత్రికుడు కూడా ఆశ్చర్యపడ్డాడు. బాపట్ల జిల్లాలోనే, సముద్రం ఒడ్డున ఉన్న మోటుపల్లి రేవు గురించీ, అక్కడి సన్నని బట్టల గురించీ తన పుస్తకంలో రాసినవాడు ఇతనే. నిప్పులో కాలని బట్ట ఒకటి ఉన్నదనీ, అది సాలమాండర్ అనే జంతువు బొచ్చు అనీ ఆ రోజుల్లో ఐరోపావాళ్ళు నమ్మేవారు. జంతువూ లేదు, బొచ్చూ లేదు, చైనా వైపు ఒక కొండలో దొరికే రాతిని దంచి, కడిగి, మిగిలిన నారను వడికి ఆ బట్ట నేస్తారని మార్కో పోలో రాశాడు. బట్ట మాసిపోతే చాకలికి వెయ్యరు, నిప్పులో వేస్తారు! మురికి కాలిపోయి బట్ట తెల్లగా బయటికి వస్తుంది.

ఈ రాయి మనకూ ఉన్నది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార గనులు ఉండేవి. కొత్తగా గనులు ఇవ్వరాదని 1986లోనూ, పాతవాటికి గడువు పొడిగించరాదని 1993లోనూ భారత ప్రభుత్వం నిర్ణయించింది. ఎందుకో ఇప్పుడు వింటారు.

1900 ప్రాంతంలో ఆస్ట్రియా దేశంలో లూడ్విగ్ హాచెక్ అనే ఆయన, కాగితం తయారుచేసే పద్ధతిలోనే రాతినారనూ సిమెంటునూ నీళ్ళలో కలిపి పలకలు తీయటం కనిపెట్టాడు. నూటికి ఎనిమిది, పది పాళ్ళు నార ఉంటే చాలు, పలక గట్టిగా ఉంటుంది. అది కాలదు, చెదలు పట్టదు, తుప్పు పట్టదు. శాశ్వతమనే అర్థం వచ్చేటట్టు దానికి 'ఎటర్నిట్' అని పేరు పెట్టాడు. మన వైపు కూడా 1946లో హైదరాబాదులో ఈ రేకుల కంపెనీ ఒకటి పుట్టింది. దాని 'చార్మినార్' రేకులు ఊరూరికీ వెళ్ళాయి.

బాపట్లలాంటి ఊరికి ఇది ఎంత మేలుగా తోచి ఉంటుందో ఆలోచించండి! సూర్యలంక సముద్రం ఊరికి తొమ్మిది కిలోమీటర్లే. ఉప్పుగాలికి ఇనపరేకు కొన్నేళ్ళకే తుప్పుపట్టి చిల్లులు పడుతుంది. తాటాకు కప్పు వేసవిలో నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. సిమెంటు రేకుకు ఆ రెండు భయాలూ లేవు. తాతగారు తెలివితక్కువగా ఏమీ వేయించలేదు. ఆనాడు అందరికీ తెలిసినంతలో మంచి కప్పే వేయించారు.

మరి చిక్కు ఎక్కడున్నది? నార ఎంత సన్నమో అక్కడున్నది. రాతినారను చీల్చేకొద్దీ ఇంకా సన్నగా చీలుతుంది. మీ తల వెంట్రుక ఒకటి తీసుకోండి. తెల్ల రాతినార పోగులు వెయ్యికి పైగా పక్కపక్కన పేరిస్తేగాని, ఆ వెంట్రుక మందం రాదు! ఇంత సన్నని పోగు గాలిలో గంటలకొద్దీ తేలుతుంది. కంటికి కనపడదు, వాసన రాదు, దగ్గు రాదు.

మామూలు దుమ్మును ముక్కులోని వెంట్రుకలూ, చీమిడీ పట్టేస్తాయి. ఈ పోగులు మాత్రం తిన్నగా ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలితిత్తులదాకా పోతాయి. అక్కడ మన ఒంటికి కాపలావాళ్ళవంటి కణాలున్నాయి. అవి బయటినుంచి వచ్చినవాటిని మింగి అరిగించేస్తాయి. కాని పొడుగైన పోగును మింగలేక అవే చచ్చిపోతాయి. చుట్టూ పుండు పడి, మచ్చ కట్టి, మెత్తని ఊపిరితిత్తి గట్టిపడుతుంది. కొందరికి కాన్సరు కూడా వస్తుంది. అదైనా వెంటనే కాదు. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళ తరవాత! రాతినారలో ఏ రకమైనా కాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

దీనికి బలి అయినవారిలో మొదట పేరు తెలిసినవాళ్ళలో నెల్లీ కెర్షా ఒకతె. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో రాతినారను వడికే మిల్లులో పనిచేసింది. ఆయాసంతో తీసుకుని 1924లో పోయింది. అప్పటికి ఆమె వయస్సు 33 ఏళ్ళు. ఆమె ఊపిరితిత్తులను విలియం కుక్ అనే డాక్టరు భూతద్దం కింద పరీక్షించి, వాటిలో రాతినార ముక్కలు చూసి, ప్రపంచానికి వెల్లడించాడు. ఆ జబ్బుకు ఆస్బెస్టాసిస్ అని 1927లో పేరు పెట్టింది కూడా ఆయనే.

తరవాత ఒక్కొక్క దేశమే మేలుకున్నది. ఇంగ్లండు 1999లోనూ, ఐరోపా సమాఖ్య 2005లోనూ రాతినారను నిషేధించాయి. తెల్ల రాతినారను అమెరికా 2024లో నిషేధించింది. మన దేశంలో గనులు ఆగినా, పై దేశాలనుంచి నార తెచ్చి రేకులు చేయటానికి నిషేధం లేదు. ఈ నారతో పనిచేసే కార్మికుల ఆరోగ్య వివరాలను కనీసం 40 ఏళ్ళపాటు భద్రపరచాలని మన సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. నలభై ఏళ్ళు ఎందుకో ఇప్పుడు మీకు అర్థమయే ఉంటుంది.

"అయితే, మామయ్యా, షెడ్డులోకి వెళితే మాకు జబ్బు వస్తుందా?" అని మేనకోడలు భయంగా అడిగింది.

రాదు. బాగున్న రేకులో నారను సిమెంటు గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాని జోలికి పోకుండా ఊరుకుంటే అదీ మన జోలికి రాదు. దాన్ని పగలగొట్టినా, కోసినా, బెజ్జం వేసినా, ఇనపబ్రష్షుతో గీకినా, అప్పుడు నార విడుదల అవుతుంది. పడుకున్న పామును కర్రతో పొడవటంలాంటిదన్నమాట.

కనుమ వెళ్ళిన మర్నాడు బావగారు రేకుల మేస్త్రీని పిలిపించారు. యాభై ఏళ్ళ మనిషి. వెంట పదిహేడేళ్ళ కొడుకు వచ్చాడు. మేస్త్రీ కప్పుకేసి ఒక్కసారి చూసి, "ఇదెంత పని, బాబుగారూ! కింద నిలబడి గునపంతో పొడిస్తే అరగంటలో అన్నీ రాలతాయి. ముక్కలు గేటు ముందు గోతిలో వేసి తొక్కించేస్తాం," అన్నాడు. అప్పటికే ఆయన కొడుకు నిచ్చెన సగం ఎక్కాడు.

నేను మేస్త్రీతో, "పనిలో మీకు నేను చెప్పగలిగింది లేదు. ఒక్క రెండు నిమిషాలు నా మాట వినండి," అని, పిల్లలకు చెప్పినదంతా చెప్పాను.

మేస్త్రీ నవ్వాడు. "ముప్పై ఏళ్ళనుంచి ఈ దుమ్ములోనే ఉన్నాను. నాకేం కాలేదు," అన్నాడు.

"కాకుండానే ఉండాలి. కాని ఇది ముప్పై ఏళ్ళ తరవాత వచ్చే జబ్బు. చుట్టా బీడీ అలవాటుంటే కాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది," అన్నాను.

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత నిచ్చెనకేసి చూసి, "ఒరేయ్, కిందికి దిగు," అన్నాడు. కొడుకు దిగివచ్చాక నాకేసి తిరిగి, "ఇన్నాళ్ళూ ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదేం, బాబుగారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పుడు అందరమూ కూర్చుని, కప్పు ఎందుకు కారుతున్నదో తేల్చాం. రేకులను అడ్డవాసాలకు పట్టి ఉంచేవి కొక్కెం బోల్టులు. బోల్టు రేకు గుట్టమీద పడాలి. పల్లంలో పడితే వాననీరు దారి తీసేది అక్కడే. బోల్టు కింద తారు వాషరు ఉంటుంది. అది ఎండకు ఎండి పెళుసైపోతే నీరు దిగుతుంది. ఉప్పుగాలికి బోల్టు తుప్పుపడుతుంది. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు తీసుకుంటుంది గనక, ఉబ్బి రేకును పగలదీస్తుంది. ఒక రేకు అంచు మరొక రేకుమీద ఆరు అంగుళాలైనా ఎక్కకపోతే, గాలి వానను ఎదురు తోస్తుంది. బావగారి షెడ్డుకు ఇవన్నీ ఉన్నాయి!

ఇటువంటప్పుడు దారులు మూడు. ఒకటి రెండు చోట్లే కారుతూ, రేకులు గట్టిగా ఉంటే, కొత్త వాషర్లు వేసి, సన్నని బీట మీద తారుపట్టీ అంటించవచ్చు. అయితే గీకకూడదు, బెజ్జాలు వేయకూడదు. వాసాలు గట్టివైతే, పాత కప్పును కదపకుండా దానికి పైన వేరే చట్రం కట్టి కొత్త కప్పు వేయించవచ్చు. రేకులు పగిలి, వాసాలు పుచ్చితే, మార్చటమే దారి. ఇక్కడ మూడు రేకులు పగిలాయి, సరుగుడు వాసాలు చేత్తో నొక్కితే పొడి అవుతున్నాయి. మార్చటానికే నిశ్చయమయింది. "పని రెండు రోజులు పడుతుంది, కూలి రెట్టింపవుతుంది," అన్నాడు మేస్త్రీ. బావగారు సరేనన్నారు.

పని ఎలా జరిగిందో చెబుతాను, వినండి. ఇది పిల్లలు చేసే పని కాదు. పెద్దవాళ్ళయినా తెలిసినవారిచేత చేయించవలసిన పని.

గాలి లేని రోజు చూశారు. కారును దూరంగా పెట్టారు. పిల్లలను పక్కింటికి పంపారు. కిటికీలు మూశారు. పనివాళ్ళు ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకున్నారు. ముక్కుకు తువాలు కట్టుకుంటే చాలదు, పోగులు దానిలోనుంచి పోతాయి. సన్నధూళిని ఆపే మాస్కులు తెప్పించి, మొహానికి సందు లేకుండా బిగించుకున్నారు. నీళ్ళలో కాస్త సబ్బు కలిపి, రేకులను మెత్తని జల్లుతో తడిపారు. తడిసిన నార ఎగరదు.

రేకులమీద ఎవరూ కాలు పెట్టలేదు. ఇది అన్నిటికన్న ముఖ్యం. పాత సిమెంటు రేకు గట్టిగా కనపడుతుంది గాని మనిషి బరువు ఆగదు. ఒక్కసారిగా విరిగి మనిషిని కింద పడేస్తుంది. జబ్బు నలభై ఏళ్ళకు వస్తే ఈ చావు ఒక్క క్షణంలో వస్తుంది. బంతి పడిందని రేకుల కప్పు ఎక్కే పిల్లలు ఈ మాట రెండుసార్లు చదవండి! మేస్త్రీ షెడ్డు లోపల పరంజా కట్టించి, కిందినుంచే బోల్టులు కత్తిరించి, రేకులను ఒక్కొక్కటిగా, పగలకుండా తాళ్ళతో దింపించాడు. కిందికి వచ్చిన రేకులను దళసరి ప్లాస్టిక్ గుడ్డలో రెండు చుట్లు చుట్టి, "రాతినార రేకులు. పగలగొట్టవద్దు" అని పెద్ద అక్షరాలతో రాశారు. నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలు కూడా సంచిలో కట్టేశారు.

పనివాళ్ళు అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇళ్ళకు వెళ్ళారు. ఇది వేళాకోళం కాదు. ఇంగ్లండులోనూ మరికొన్ని దేశాలలోనూ మిల్లుకు ఎన్నడూ వెళ్ళని ఆడవాళ్ళు, భర్తల పనిబట్టలు దులిపి ఉతికినందువల్లనే ఈ జబ్బుపడ్డారు.

పాత రేకులు కాలవలోకీ, గేటు ముందు గోతిలోకీ పోలేదు. ఇటువంటివాటిని ప్రమాదకరమైన చెత్తకోసం ప్రత్యేకంగా కట్టిన గోతుల్లో పాతిపెట్టాలి. విశాఖపట్నం దగ్గర పరవాడలో అటువంటి చోటు ఉన్నది. బావగారు మునిసిపల్ ఆఫీసుకు ఉత్తరం రాసి, రేకులను అంతవరకూ దొడ్డి మూల, ఎవరూ తగలని చోట కప్పి ఉంచారు.

కొత్త కప్పు దేనితో వేయాలి? మంగుళూరు పెంకులు చల్లగా ఉంటాయి గాని తుపాను గాలికి లేస్తాయి. రంగు వేసిన ఉక్కురేకు తేలిక, పగలదు. అల్యూమినియమూ జింకూ కలిపి పూత పూసినదైతే ఉప్పుగాలికి ఎక్కువ కాలం నిలుస్తుంది. కాని ఎండకు కాగిపోతుంది. రాతినారకు బదులు కలపగుజ్జూ, ఇతర నారలూ కలిపి చేసిన సిమెంటు రేకులు కూడా ఉన్నాయి. బావగారు వాటినే వేయించారు. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి గనక, కొట్లో కొనేటప్పుడు, "ఇందులో ఆస్బెస్టాస్ ఉన్నదా, లేదా?" అని అడిగి, కంపెనీ రాసిన కాగితం చూసి మరీ కొనాలి.

నేను తిరుగు ప్రయాణమయేరోజున మేనకోడలు వాకిట్లో మళ్ళీ తొక్కుడుబిళ్ళ ఆడుతున్నది. ఈసారి బిళ్ళ ఎర్రటి పెంకుముక్క. గేటు దగ్గర మేస్త్రీ మరొక ఇంటాయనకు ఏదో చెబుతున్నాడు. "గునపం వద్దండి. ముందు తడపాలి," అన్న మాట నాకు వినపడింది.

ఈ నెల ప్రయోగం: జల్లించిన బంకమట్టిని నీళ్ళతో పిసికి, అరచెయ్యంత పలకలు రెండు చెయ్యండి. ఒకదానిలో కొబ్బరిపీచును గోరంత ముక్కలుగా కత్తిరించి కలపండి. రెండవదానిలో ఏమీ కలపవద్దు. మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, రెండింటినీ మధ్యకు విరవండి. ఏది తేలికగా విరిగింది? విరిగినచోట పీచు ఏం చేస్తున్నది? మీరు చూసినది నాకు రాయండి. మట్టీ, కొబ్బరిపీచూ చాలు. రేకుముక్కలు మాత్రం వద్దు!